రెండు దీవుల మధ్య రెండున్నర గంటలు

మా ఇంట్లో నన్ను ఉడికించాలంటే ఎవరూ పెద్దగా కష్టపడక్కర్లేదు. "రెండున్నర గంటలు" అంటే చాలు. నేను నరసన్నపేటలో హైస్కూలు పిల్లలకి సోషల్ చెప్పే టీచర్ని. గోడకి ప్రపంచపటం తగిలించి, కర్ర పట్టుకుని, భూమి మొత్తం నా సొంత పెరడు అన్నట్టు పాఠం చెబుతాను. అలాంటిదాన్ని, రెండు దీవుల మధ్య విమానం దూరం చెప్పబోయి మా ఇంటి పెళ్ళిని ముహూర్తం అంచు దాకా లాక్కెళ్ళాను. తలుచుకుంటే ఇప్పటికీ ముందు భయమేస్తుంది. ఆ తర్వాతే నవ్వొస్తుంది.

ఆ దీవుల్లో ఒకటి పోర్ట్ బ్లెయిర్. ఈమధ్య దానికి పేరు మార్చారు గానీ, నౌపడ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న మా పేటలో ఎవరికీ ఆ కొత్త పేరు నోటికి రాదు. మా పెద్దక్కని అక్కడే ఇచ్చారు. రెండోది సింగపూర్. మా తమ్ముడు అక్కడ ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. మధ్యదాన్ని నేను ఎటూ పోకుండా ఇక్కడే ఉండిపోయాను. అమ్మ పోయేసరికి తమ్ముడికి ఏడాది కూడా నిండలేదు. అక్కకి పద్నాలుగు, నాకు ఏడు. నాన్న వేటకి వెళ్ళిపోతే వాణ్ని చంకనేసుకుని తిరిగింది అక్కే. వాడు చంక దిగేవాడు కాదు, అది దించేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. నన్నెవరూ ఎత్తుకోలేదని ఆ వయసులోనే మనసులో రాసిపెట్టుకున్నాను.

అలాంటి అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకుని ఆరేళ్ళయింది. వాడికి సెలవు దొరికినప్పుడు అక్క రాలేదు, అక్క వచ్చినప్పుడు వాడికి సెలవు దొరకలేదు. ఇద్దరూ ఫోన్లోనే మాట్లాడుకున్నారు. ఇంతలో పెద్దక్క కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లోనే, మే నెలాఖరు ఆదివారం, ఉదయం పది నలభైకి ముహూర్తం.

మాలో పెళ్ళికూతురు పందిట్లోకి నడిచి రాదు. గంపలో కూర్చోబెట్టి మేనమామ ఎత్తుకు రావాలి. ఒక పక్క సొంత మేనమామ, రెండో పక్క ఆ వరసవాడే ఇంకొకడు పట్టుకుంటారు. పిల్లకి సొంత మేనమామ మా తమ్ముడు ఒక్కడే. పిల్ల ఖరాఖండిగా చెప్పేసింది.

"మావ వస్తే గంపలో కూకుంటాను. రాకపోతే నడిసే వస్తాను. ఇంకెవుడూ నన్ను ఎత్తక్కర్లేదు."

పెళ్ళికూతురు నడిచి వచ్చిందంటే మా వాళ్ళలో అది నవ్వులాట కాదు. మేనమామ లేని పిల్ల అంటారు, బతికి ఉన్న మనిషిని లేడంటారు. పెద్దక్క ఆ మాట తట్టుకోలేదు. అందుకే తమ్ముడు రావాలి. వాడికి దొరికే సెలవు ఒక్క ఆదివారం, సోమవారం. యార్డులో ఏదో ఓడ తొందరలో ఉందట, అంతకు మించి ఒక్క పూట కూడా ఇవ్వం అన్నారు.

ఇక్కడే నేనూ నాన్నా కలిసి మా తెలివి చూపించాం. నాన్న కుర్రతనంలో అండమాన్ బోట్ల మీద పనిచేశాడు. ఇసకలో కాలి బొటనవేలితో గీత గీసి, "ఇదిగో ఇది పోర్ట్ బ్లెయిర్. కిందకెల్తే నికోబారు. దాని కింద పెద్ద దీవి ఒకటున్నాది. దాని పక్కమ్మటే సింగపూరు. ఎంతే? రెండు దీవులూ ఒకే నీటిలో ఉన్నాయి" అన్నాడు.

"దారి ఉండాలి కదా నాన్నా" అన్నాను.

"నీటి మీద రోడ్డేటే? బోటు మూతి ఎటు పెడితే అటే దారి. గాలిలో మాత్రం గోడలున్నాయేటి?"

అడుగడుగునా రోడ్డు చూసుకుని బతికే మనిషికి ఈ ఆలోచన రాదు. పొలాలవాళ్ళయితే ముందు బస్సుందా అని అడుగుతారు. మేం సముద్రం వాళ్ళం కాబట్టి అడగలేదు. నేను ఫోను తీసి, రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే మధ్య దూరం చెప్పే పేజీ ఒకటి తెరిచాను. నీలం రంగు పటం మీద పోర్ట్ బ్లెయిర్ నుంచి సింగపూర్‌కి ఎర్ర గీత చక్కగా, ఎక్కడా వంకర లేకుండా పడింది. దూరం సుమారు పదిహేడు వందల కిలోమీటర్లు. విమానంలో రెండున్నర గంటలు. నాన్న కాలి గీతా, పేజీలో ఎర్ర గీతా ఒక్కలాగే ఉన్నాయి. నాకు ఒళ్ళు పులకరించింది. క్లాసులో ఎవరో పిల్లాడు సరైన జవాబు చెప్పినప్పుడు కలిగేలాంటి సంబరం.

అంతటితో ఆగితే బాగుండేది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఈ రెండు రెండున్నరలూ కలిసేసరికి నేను గట్టిగా అరిచాను. "నాన్నా! వాడు అక్కడ పొద్దున్న ఆరింటికి ఎక్కితే ఇక్కడ ఆరింటికే దిగుతాడు!"

నాన్న లేచి ఒడ్డుకి పరిగెత్తాడు. వేట నిషేధం రోజులవి, బోట్లన్నీ ఇసక మీదే ఉన్నాయి, పేటలో మగాళ్ళంతా వలలు బాగుచేసుకుంటూ అక్కడే కూర్చున్నారు. "నా కొడుకు ఆరింటికి ఎక్కి ఆరింటికే దిగుతాడ్రా! మీ తాతలెవరైనా సేసినారా ఇలగ?" అని ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఆగి చెప్పాడు. లెక్క నాది, టముకు నాన్నది. తమ్ముడు కూడా మా మాట మీదే రెండు రోజుల సెలవు చాలని యార్డులో రాసిచ్చేశాడు.

పెళ్ళి ఆదివారం. ఆ ముందు మంగళవారం తమ్ముడు ఫోన్ చేశాడు.

"సిన్నక్కా, ఆ రెండున్నర గంటల విమానం ఏ కంపెనీదే? నాకు దొరకట్లేదు."

"నీకు వెతకడం రాదు. తేదీ సరిగ్గా కొట్టావా?" అని కసిరాను. నా కోపం అలాంటిది, ముందు ఎదుటివాడి మీద పడుతుంది.

పెట్టేసి నేనే వెతికాను. లేదు. అలాంటి విమానం ఆ రోజే కాదు, ఏ రోజూ లేదు. ఆ పేజీ దూరం చెప్పింది, గీత గీసింది, ఆ గీత మీద విమానం తిరుగుతుందని మాత్రం ఎక్కడా చెప్పలేదు. అడగనిది నేనే. పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్ళాలంటే ముందు మద్రాసు వెళ్ళాలి, లేకపోతే కలకత్తా. సింగపూర్ నుంచి మద్రాసుకి నాలుగు గంటలు, అక్కడ పడిగాపులు, మళ్ళీ వెనక్కి రెండుంపావు గంటలు. పదిహేడు వందల కిలోమీటర్ల దారికి నాలుగు వేల పైన తిరగాలి. పటం మీద వేలు పెట్టి చూస్తే ఇంకా చిత్రం, సింగపూర్ నుంచి మద్రాసు వచ్చే విమానం నికోబార్ నెత్తి మీద నుంచే పోతుంది.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. నాన్నకి చెబితే ఆయన ఒప్పుకోలేదు. "మద్రాసేటి? మద్దిలో మద్రాసెందుకొచ్చింది? ఇంటి మీద నుంచి ఎల్లి, సంతకెల్లి, మల్లా ఎనక్కి ఇంటికొస్తాడా?" అని విమానాల మీద, కంపెనీల మీద, చివరికి నా చదువు మీద పడ్డాడు. నేనూ ఊరుకోలేదు. గీత ముందు గీసింది ఎవరని అడిగాను. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు.

పెద్దక్కకి చెప్పే ధైర్యం లేక తమ్ముడి మీదకి తోసేశాను. అది వాణ్ని ఏమీ అనలేదట. "ముహూర్తం మారదురా. నువ్వు మాత్రం రా" అందట. ఇంకేమన్నా తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

చివరికి తోవ ఒకటి దొరికింది. శనివారం సాయంత్రం ఐదింటికి డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చకుండా ఎయిర్‌పోర్టుకి పోయి, రాత్రికి మద్రాసు చేరి, అక్కడే కూర్చుని, ఆదివారం పొద్దున్న ఏడింటి విమానం ఎక్కితే తొమ్మిదింపావుకి పోర్ట్ బ్లెయిర్. ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉంటుంది. నేను ఈసారి టికెట్లు, టైములు మూడుసార్లు సరిచూసి, అప్పుడు గాని నోరు విప్పలేదు.

పెళ్ళికి నేను వెళ్ళలేదు. నాన్నకి నాలుగు రోజుల ముందే శ్రీకాకుళంలో కంటి శుక్లం ఆపరేషన్ అయింది. విమానం వద్దన్నారు, ఫోన్ చూడొద్దన్నారు. మా ఇంటాయన, పిల్లలు ముందే వెళ్ళిపోయారు. ఒక కంటికి కప్పు కట్టుకుని, రెండో కన్ను సరిగ్గా ఆనని నాన్నని కనిపెట్టుకుని నేను ఉండిపోయాను. ఆయనకి ఆ రోజు కళ్ళు నేనే.

ఆదివారం ఆరూ నలభై ఐదుకి తమ్ముడి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది, విమానం ఎక్కాను అని. ఏడింపావుకి నేను విమానాలు ఎక్కడున్నాయో చూపించే యాప్ తెరిచాను. మద్రాసు దాటి, నీలం మీద పసుపు రంగు విమానం బొమ్మ కదులుతోంది. సంగతి పేటలో పాకింది. ఇంటి ముందు అరుగు నిండిపోయింది. కూర కోసుకుంటున్న ఆడవాళ్ళు కత్తిపీటలు అక్కడికే తెచ్చుకున్నారు, మగాళ్ళు వలలు వదిలేసి వచ్చారు. వేటకి వెళ్ళిన బోటు కోసం చూసినట్టు అందరూ నా ఫోన్‌లోకి చూస్తున్నారు.

సముద్రం మధ్యకి వెళ్ళాక బొమ్మ మాయమైపోయింది. ఒకావిడ కెవ్వుమంది. అక్కడ సిగ్నల్ ఉండదని, కంగారు లేదని నేను టీచరమ్మ గొంతుతో చెప్పాను. తొమ్మిదికి బొమ్మ మళ్ళీ దీవి పక్కన పైకి తేలింది. అరుగంతా కేరింతలు!

ఆ కేరింత అయిపోక ముందే బొమ్మ ముక్కు తిప్పింది. దీవి మీదకి వెళ్ళకుండా సముద్రం మీద గుండ్రంగా తిరగడం మొదలెట్టింది.

రెండో ఫోన్‌లో మా ఇంటాయన వీడియో కాల్‌లో ఉన్నాడు. ఆయన గజపతినగరం పొలాల మనిషి, ఫోన్ పట్టుకుంటే సగం తెర బొటనవేలే కనిపిస్తుంది. "ఇక్కడ కుండపోత. ఎదురుగా ఏమీ కనపడట్లేదు. దిగనివ్వట్లేదంట. పోయినవారం ఒకదాన్ని ఇలాగే తిప్పి తిప్పి మద్రాసు పంపించేశారంట" అన్నాడు.

మద్రాసు వెనక్కి! పద్దెనిమిది గంటలుగా ప్రయాణంలో ఉన్న మనిషి, దీవిని కిటికీలోంచి చూసి, వెనక్కి పోతాడా? అదంతా నా ఎర్ర గీత వల్ల. ఆ నిమిషంలో నా మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు.

నాన్న మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఓలమ్మీ, ఆ అల్లుడుగారిని బయటికెల్లి ఆకాశం సూపించమను. వేలు తియ్యమను. నువ్వు సూసి నాకు సెప్పు."

మా ఇంటాయన గొడుగు కింద బయటికి వచ్చాడు. పడమర ఎటో ఆయనకి తెలియలేదు. పక్కనున్న ఎవరో చూపించారు.

"పడమటేపు ఎలగున్నాది?"

"నల్లగా ఉంది నాన్నా."

"కిందకంటా నలుపేనా? సరిగ్గా సూడు."

చూశాను. మబ్బుకి అడుగున, కొండ మీద, సన్నగా తెల్లటి చార ఉంది. చెప్పాను.

"కొబ్బరి మట్టలు ఎటు ఒంగినాయి?"

"తూర్పుకి. గట్టిగా ఊగుతున్నాయి."

"అయితే మరేటి కాదు. ఎనకాల తెరుపున్నాది, గాలి దాన్ని తోసుకొస్తాది. అరగంట. ఆ విమానమోడికి అరగంట నూనుంటే సాలు." ఆయనకి ఇంధనం అంతా నూనే.

తొమ్మిదిన్నర. అరుగు మీద జనం చుట్లు లెక్కపెడుతున్నారు. "మూడు!" అని ఒకరంటే "నాలుగు!" అని అందరూ. తొమ్మిదీ నలభై. ఐదు, ఆరు. పెళ్ళి దగ్గర పంతులుగారు ఒకటే తొందర. పిల్ల ముస్తాబై, గంప పక్కన నించుని ఉంది, కూర్చోనంటోంది. పెద్దక్క గుమ్మం దగ్గరే ఉంది, వాన చూస్తోంది. తొమ్మిదీ యాభై ఐదుకి వీడియోలో గొడుగు మీద చప్పుడు తగ్గింది. నేల మీద వెలుగు పడింది. ఇటు ఫోన్‌లో బొమ్మ చుట్టు మధ్యలో వంపు మానేసి తిన్నగా అయింది.

"దిగుతన్నాది! దిగుతన్నాది!" అని పేటంతా లేచింది. నేను ఎంత గట్టిగా అరిచానో, మరునాడు గొంతు రాలేదు. పదీ పదికి బొమ్మ నేల మీద ఆగింది. నాన్న అప్పుడు గాని కుర్చీలో వెనక్కి వాలలేదు.

అక్కడితో అయిపోలేదు. తమ్ముడి కోసం ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది మా పెదనాన్న కొడుకు. గంపకి రెండో పక్క పట్టాల్సింది కూడా అతనే. తమ్ముడి పెట్టె ఇంకా రాలేదట. మేనమామ పెట్టాల్సిన చీర అందులోనే ఉంది. "అన్నా, నువ్వు పెట్టె తీసుకుని రా, నానెల్తన్నాను" అని తమ్ముడు ఆటో ఎక్కి వచ్చేశాడు. గంప ఎత్తడానికి ఇద్దరూ కావాలన్న సంగతి ఆ తొందరలో ఇద్దరికీ తట్టలేదు.

పది ముప్పై నాలుగు. వీడియోలో ముందు బురద బూట్లు కనిపించాయి, తర్వాత మా తమ్ముడు. యార్డు చొక్కా, నలిగిన మొహం, తడిసిన జుట్టు. అక్క వాడి ఎదురుగా వచ్చింది. ఆరేళ్ళ తర్వాత చూసిన తమ్ముణ్ని ముందు వీపు మీద ఒక్కటి చరిచింది, ఆ చేత్తోనే చొక్కా పట్టుకుని వదల్లేదు. "టైమైపోతన్నాదమ్మా!" అని ఎవరో అరిస్తే గాని వదల్లేదు. పిల్ల ఒక్క గెంతులో గంపలో కూర్చుంది.

తమ్ముడు తన పక్క పట్టుకున్నాడు. రెండో పక్కకి చూశాడు. ఎవరూ లేరు.

"వరసకి మేనమావ ఇంకెవరున్నారు? ఎవరున్నారు?" అంటున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళు ఎవరో చెయ్యి వెయ్యబోతే "మీరు కాదండీ" అని ఆపారు. పది ముప్పై ఏడు. మా పెదనాన్న కొడుకు పెట్టె తీసుకుని ఇంకా ఆటోలోనే ఉన్నాడు. నేను ఇక్కడ నుంచి "ఎవరో ఒకరు పట్టండి!" అని అరుస్తున్నాను, అక్కడ నా మాట ఎవరికి కావాలి.

అప్పుడు పెద్దక్క పట్టుచీర కొంగు నడుముకి దోపి గంప రెండో పక్కకి వచ్చింది.

"తల్లి పట్టకూడదమ్మా" అన్నారు పంతులుగారు.

"ఈడిని ఎత్తి పెంచింది నానే. ఈడి పక్కన నించుని నా పిల్లని ఎత్తితే తప్పేటండి?" అంది. ఆయన జవాబు కోసం ఆగలేదు. వంగి అంచు పట్టుకుంది.

"ఏటైనాది? సెప్పవేటే!" అని నాన్న నా చెయ్యి పట్టి ఊపేస్తున్నాడు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తెరకే అతుక్కుపోయాను. చిన్నప్పటి నుంచి వాళ్ళిద్దరినీ చూసి కుళ్ళుకున్నదాన్ని, ఆ నిమిషంలో నాకు కలిగిన సంతోషం ఎంతని చెప్పను.

"ఎత్తినారు నాన్నా. అక్కా, తమ్ముడూ. ఇద్దరూ."

"ఇద్దరూనా?" అన్నాడు. తర్వాత, "గంప తిన్నగున్నాదా?" అని అడిగాడు.

లేదు. ఒక పక్క వాలిపోయింది. రాత్రంతా నిద్ర లేక తమ్ముడి చేతులు వణుకుతున్నాయి, వాడి పక్క కిందకి వచ్చేసింది. పిల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ సంగతే చెప్పాను.

నాన్న ఫోన్ ఉన్న వైపుకి తడుముకుంటూ వంగాడు. నడిసముద్రంలో పక్క బోటుకి కేకేసినట్టు, పేట మొత్తం అదిరిపోయేలా అరిచాడు. "పెద్దమ్మీ! నీ పక్క దించవే! ఆడితో సమానంగా పట్టు!"

పన్నెండు వందల కిలోమీటర్ల అవతల అక్కకి వినపడింది. తల ఇటు తిప్పలేదు. మోకాళ్ళు కాస్త వంచి తన పక్క దించింది. గంప తిన్నగా అయింది, ఇద్దరూ కలిసి పిల్లని పందిట్లోకి తీసుకెళ్ళారు.